రేకు ముక్కతో మీటిన వీణ

నా చిన్నప్పుడు మా సిరోంచలో నాలాగా వీణ మీటగలిగిన పిల్లవాడు ఇంకొకడు లేడు. నేను తీగ ముట్టుకుంటే ప్రాణహిత ఒడ్డున నావ ఎక్కబోయేవాళ్లు కాళ్లు నీళ్లలోనే పెట్టుకుని వినేవాళ్లు. గట్ల మీద పశువులు మేత మానేసి తలలెత్తేవి. ఇవి నేను మా మనవడికి చెప్పిన మాటలు. కాగితం మీద పెట్టేటప్పుడు కొంత తగ్గించక తప్పదు. పశువులు మేత మానలేదు. నావ దగ్గర ఒకాయన ఒకసారి తల తిప్పి చూసిన మాట నిజం. అది నా వీణకో, వెనక అరిచిన కుక్కకో నాకు ఈనాటికీ తెలియదు. ఇంకొక పిల్లవాడు లేడన్నది మాత్రం అక్షరాలా నిజం, ఎందుకంటే ఆ వీణను పిల్లలకు ఇచ్చేవాళ్లే కాదు.

ఈ గొప్పలన్నీ బయటికి రావడానికి మా మనవడి గిటార్ కారణం. ఊళ్లో సెల్‌ఫోన్ టవరు లేచిన కొత్తలో, చంద్రపూర్‌లో కాలేజీ చదువుతున్న వాడు సెలవులకు వస్తూ ఆ గిటార్‌ను చంటిపిల్లలాగా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాన్ని మీటడానికి వాడి దగ్గర మూలలు గుండ్రంగా ఉన్న చిన్న చిన్న ప్లాస్టిక్ బిళ్లలున్నాయి. పిక్కులంటాడు. పల్చనిది ఒకటి, మందమైనది ఒకటి, చేతికి అంటుకుపోయేది ఒకటి. అవి చాలవన్నట్టు సిమ్ కార్డు ఊడదీయగా మిగిలిన ప్లాస్టిక్ ముక్కలను కూడా కత్తిరించి పిక్కులు చేశాడు. పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చుని ఒకే తీగను ఒకసారి పల్చనిదానితో, ఒకసారి మందందానితో, ఒకసారి బొక్క దగ్గర, ఒకసారి కింద బిగింపు దగ్గర మీటుతూ చెవి ఒగ్గి వింటున్నాడు. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. చివరికి ఉండబట్టలేక అనేశాను: "అట్ల నిలువుగ కొట్టకురా. జర వాల్చు. గట్టిగ పట్టుకోకు, జారిపోనియ్యకు." వాడు బిళ్లను పక్కకు వాల్చి మీటాడు. గరగరలాడుతున్న తీగ ఒక్కసారిగా మెత్తబడింది. "తాతా, నీకెట్ల తెల్సు?" అన్నాడు నోరు తెరిచి.

ఎట్లా తెలుసో వాడికి చెప్పింది ఒకటి, జరిగింది ఒకటి. జరిగిందే ఇక్కడ రాస్తాను. మధ్యలో ఎక్కడైనా చెయ్యి జారి పెంచితే నేనే దిద్దుతాను.

మా తాతయ్య వరి పండించే మనిషి. అయినా ఊళ్లో ఎవరూ ఆయనను సేద్యంతో గుర్తుపట్టేవారు కాదు. వీణ తాత అనేవారు. మా భజన సంఘం వీణ మా ఇంట్లో ఉండేది. వీణ అంటే పెద్ద కచేరీలలో చూసేది కాదు. ఎండిన సొరబుర్ర, దానికి గుచ్చిన వెదురు, ఒకే ఒక్క ఇత్తడి తీగ, అంతే. మరాఠీ వాళ్లతో కలిసి బతికే ఊరు కాబట్టి మా దగ్గర భజన సప్తాహాలు వాళ్ల పద్ధతిలోనే జరిగేవి. ఏడు రోజులూ ఎవరో ఒకరు విఠోబా ముందు నిలబడి వీణను రొమ్ముకు ఆనించుకుని మీటుతూ నామం చెబుతూనే ఉండాలి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఆ వంతును పహారా అంటారు. ఏడు రోజులు పూర్తయ్యేదాకా వీణ నేలను తాకకూడదు, చప్పుడు ఆగకూడదు.

అలాంటి వీణను చూసుకోవడంలో మా తాతయ్యకు ఎక్కడలేని పట్టింపు. ఇత్తడికి చిలుము పడుతుంది కదా, రోజూ సాయంకాలం నానబెట్టిన చింతపండుతో తీగను తోమి, తడి లేకుండా గుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుని బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరి చూసేవాడు. ఆయన కట్టిన తీగ ఏ సప్తాహంలోనూ తెగలేదని మా నానమ్మ కూడా ఒప్పుకునేది. ఆమె ఆయన విషయంలో ఒప్పుకునే సంగతులు చాలా తక్కువ.

ఆ తీగను వేలి కొసతో, మెత్తటి కండతో మీటాలి. అది ఆయన నియమం. నాకు అక్కడే కడుపు మండేది. వేలితో మీటితే ఆ చప్పుడు గోడ దాటేది కాదు. తుమ్మెద గదిలో తిరిగినట్టు అక్కడక్కడే తిరిగేది. నాకేమో అది బజారు దాకా వినబడాలి. అందుకని తాతయ్య పొలానికి పోయిన పూటల్లా వీణ దింపి నా ప్రయోగాలు నేను చేసేవాణ్ణి. చింతగింజతో మీటితే లావుగా, బొద్దుగా పలికేది. చెప్పు తోలు ముక్కతో మీటితే పక్కింట్లో ఎవరో గొణుగుతున్నట్టుండేది. వెదురు చీలిక ఎండుకట్టె విరిచినట్టు చిటపటలాడేది. కోడి ఈక కాడ అన్నింటికంటే తియ్యగా పలికేది కానీ నాలుగు మీట్లకే వంగిపోయేది. ఒకే ముక్కను బుర్ర దగ్గర మీటితే ఒక గొంతు, పైన వెదురు మధ్యలో మీటితే ఇంకో గొంతు. నిలువుగా కొడితే కసురుకునేది, వాల్చి కొడితే బుజ్జగించేది. ఒక్క తీగలో ఇంతమంది మనుషులున్నారని కనిపెట్టినవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి.

చివరికి కిరసనాయిలు డబ్బా రేకు దొరికింది. కొడవలితో వేలిగోరంత కోసి, మూల మడిచి మీటాను. ఇల్లంతా ఖంగుమంది. దూలం మీది పిచ్చుకలు లేచిపోయాయి. ఇదే నాది అనుకున్నాను. తీగ మీద సన్నటి గీతలు పడుతున్నాయని చూడలేదు. చూశాను. చూసి, ఉమ్మి రాసి వేలితో రుద్దాను.

ఆ ఏడు వానల్లో పక్కింటి అక్క బిడ్డకు చలిజ్వరం వచ్చింది. అప్పటికి పాపకు ఇంకా మాటలు రాలేదు. నది నిండుగా పారుతోంది, నావ కట్టడం లేదు, అవతలి ఒడ్డు వైద్యుడి దగ్గరికి పోయే దారి లేదు. మూసిన కళ్లు తెరవని బిడ్డను ఒళ్లో వేసుకుని అక్క విఠోబాకు మొక్కుకుంది. పాప కళ్లు తెరిస్తే వీణ ఆగకుండా సప్తాహం చేయిస్తానని. పాప కళ్లు తెరిచింది. వరి కోతలయ్యాక మొక్కు తీర్చడానికి వాళ్ల వాకిట్లోనే పందిరి వేశారు. మధ్యలో వీణ ఆగితే మొక్కు చెల్లదని, మొక్కు చెల్లకపోతే ఇచ్చిన దేవుడే ఇచ్చింది తిరిగి తీసుకుంటాడని మా ఊరి ఆడవాళ్లందరికీ తెలుసు. అక్కకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ సప్తాహంలో ఆమె బిడ్డను చంక దించలేదు.

సప్తాహం సగం గడిచిన రోజున, పగటి బంతి భోజనాలు జరుగుతుండగా, నా ఏడుపు పడలేక తాతయ్య నాకు మొదటిసారి పహారా ఇచ్చాడు. "వేలితోనే మీటు. మెల్లగ. మేం తిని వచ్చేదాంక ఆపకు," అని బంతికి వెళ్లాడు. పందిట్లో తిన్నవాళ్లు కొందరు చలికాలపు ఎండకు గోడవారన కునుకుతున్నారు. కాసేపు వేలితోనే మీటాను. ఎవరూ నన్ను చూడటం లేదు. ఊరంతా వినవలసిన నా పహారా కునికేవాళ్లకు జోలపాటయింది. చెయ్యి నిక్కరు జేబులోకి వెళ్లింది.

రేకుతో మొదటి మీటుకు ఒక ముసలమ్మ కళ్లు తెరిచింది. ఇంకో నాలుగు మీట్లకు వాకిలి దాటి పోతున్న బండివాడు తల తిప్పాడు. నా ఛాతీ ఉబ్బింది. ఇంకా గట్టిగా, నిలువుగా, బుర్రకు దగ్గరగా కొట్టాను. టప్పుమని తీగ తెగి నా చెంప మీద కొట్టింది.

ఆ క్షణంలో నా ఒంట్లో ఉన్న తెలివంతా నోట్లోకి వచ్చింది. రేకు జేబులో వేసుకున్నాను. వీణను రొమ్ముకు ఇంకా దగ్గరగా అదుముకుని, లేని తీగ మీద వేలు ఆడిస్తూ, మూసిన నోటితో తీగలాగా మూలగడం మొదలుపెట్టాను. మధ్యమధ్య విఠల విఠల అంటూ మళ్లీ మూలుగు. ముసలమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. అలా రెండు గంటలు నడిపానని మనవడికి చెప్పాను. ఒక మనిషి చుట్ట కాల్చేంతసేపు ఉంటుందేమో. నాకు మాత్రం అది చాలా పొడుగు.

తర్వాతి పహారా అక్కది. చంకలో బిడ్డతో వచ్చి, నవ్వుతూ వీణ అందుకోబోయి తీగ కోసం వేలు పెట్టింది. వేలికి ఏమీ తగల్లేదు. ఆమె ముఖంలోంచి నవ్వు పోవడం నేను చూశాను. బిడ్డ తలను తన మెడకేసి నొక్కుకుని అలాగే నిలబడిపోయింది. ముసలమ్మే లేచి, "తెగిందానే? అయ్యో, మొక్కు తెగిపాయె గదనే!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. బంతిలో వాళ్లు విస్తళ్ల ముందునుంచి లేచి వచ్చారు. నేను మాత్రం మూలగడం ఆపలేదు. ఆపితే ఏమవుతుందో అని భయం.

తాతయ్య తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. తీగ తెగిన కొసను వెలుతురుకు పట్టి చూశాడు. చిలుము తిని తెగిన తీగ కొస నల్లగా ఉంటుంది. ఇది కొత్త బంగారంలా మిలమిలలాడుతోంది, పక్కన సన్నటి గీతలతో. తరువాత నన్ను చూశాడు. నా చెంప మీద వాతను చూశాడు, జేబు మీద ఉన్న నా చేతిని చూశాడు. ఆ కొసను చుట్టచుట్టి మొలలో దోపుకున్నాడు.

"నాదే తప్పు బిడ్డా," అన్నాడు అక్కతో. "చిలుము పట్టిన తీగ కట్టిన. చూపు ఆనలే."

ఈ పూట ఎండ బాగుంది అన్నంత మామూలుగా అన్నాడు. తరువాత అదే గొంతుతో నన్ను అడిగాడు: "నువ్వు నడుమల ఆగినావురా?"

"ఆగలే తాతా."

"ఇన్నవా బిడ్డా? మొక్కు తెగలే. పోరడు నోటితోని నడిపిచ్చిండు. ఇగ నువ్వు అందుకో. నేను కొత్త తీగ కట్టేదాంక అందరు అట్లనే నడుపుండ్రి."

అక్క అందుకుంది. ఆమెతోపాటు పందిట్లో ఉన్నవాళ్లంతా తీగలా మూలగడం మొదలుపెట్టారు, మీసాలవాళ్లూ ముసలమ్మలూ. ఇద్దరు మనుషులు వీణను నేలకు తగలకుండా నిలువుగా పట్టుకుంటే తాతయ్య కొత్త తీగ బిగించాడు. నాకు ఒకపక్క ఏడుపు, ఒకపక్క నవ్వు. ఆ నవ్వు వచ్చినందుకు కూడా తరువాత చాలా సిగ్గుపడ్డాను.

తీగ పలికాక అక్క వచ్చి నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా తమ్ముడు నా బిడ్డను కాపాడిండు," అని అందరూ వినేలా చెప్పి, లోపలికి తీసుకుపోయి పోలెలు, అంటే బొబ్బట్లు, పెట్టి, వాటి మీద కరగబెట్టిన నెయ్యి పోసింది. వాకిట్లో భజన పెద్దలు తాతయ్య చుట్టూ చేరారు. "చూపు ఆనకపోతె ముందే చెప్పాలె గద తాతా. పసిపిల్ల పానం ముచ్చట," అన్నాడు ఒకాయన. "ఇగ సప్తాహం అయినంక వీణ మా ఇంట్ల పెడ్తం తియ్యి," అన్నాడు బజారు వీధి ఆయన. తాతయ్య "మంచిది" అన్నాడు.

ఇక్కడ మనవడికి ఏమి చెప్పానంటే, ఆ మాట వినగానే నేను పోలె పక్కకు విసిరేసి, వాకిట్లోకి దూకి, జేబులోంచి రేకు తీసి ఊరందరి ముందు పైకెత్తి, తప్పు మా తాతది కాదు నాది అని అరిచానని. తాతయ్య నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడని. అది వింటుంటే మనవడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెబుతుంటే నాకూ తిరిగాయి. అంత బాగా చెప్పాను.

నేను పోలె విసిరెయ్యలేదు. తిన్నాను. కిటికీలోంచి తాతయ్య కనబడుతూనే ఉన్నాడు, తలవంచుకుని ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ. అక్క ఇంకొకటి వేస్తే దాన్ని కూడా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన పెరట్లో సానరాయి ముందు కూర్చుని ఏదో అరగదీస్తున్నాడు. దగ్గరికి వెళితే చేతిలో పెట్టాడు. బర్రె కొమ్ము ముక్క, కొసన చింతాకంత పలుచన, అంచులు పాపాయి గోళ్లలా నున్నగా ఉన్నాయి. "రేకు తీగను కోస్తది. ఇది కొయ్యదు," అన్నాడు. "వీణ ఆళ్లింటికి పోతది. అడిగితె ఇస్తరు, పొయ్యి నేర్చుకో." ఒక్క కసురు లేదు. నేను నోరు విప్పడానికి ఆయన తలుపు బార్లా తెరిచి పెట్టాడు. నేను "సరే తాతా" అని మాత్రమే అన్నాను.

వీణ బజారు వీధికి వెళ్లిపోయింది. నేను ఆ ఇంటి గడప ఎక్కలేదు. వాళ్లు తాతయ్య కళ్ల గురించి ఏమైనా అంటారేమోనని. కాబట్టి నేను మా సిరోంచలో పేరుమోసిన వాయిద్యగాణ్ణన్న మాట కూడా కొట్టేసుకోండి. కొన్నాళ్లపాటు సాయంకాలం కాగానే ఆయన అలవాటు కొద్దీ చింతపండు నానబెట్టేవాడు. మా నానమ్మ ఆ నీళ్లు తీసుకుపోయి చారులో పోసేది. ఆయన వెళ్లిపోయేనాటికి కూడా సూదిలో దారం ఎక్కించగల చూపే ఆయనది.

మనవడికి నేను ఆ కథ చెబుతున్న రోజునే అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. నాగేపల్లిలో ఇచ్చారు ఆమెను. మనవరాలి పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చి, అరుగు చివర కూర్చుని నా కథ చివరంటా విన్నది. విని పకపకా నవ్వింది.

"గదేంది మామా! అమ్మ గట్ల చెప్పలే. మీ తాతకు చూపు ఆనక చిలుము తీగ కట్టిండట గద. మా ఇంట్ల ఇప్పటికి సూదిల దారం ఎక్కియ్యరాకపోతె వీణ తాత అని ఎక్కిరిస్తం."

మనవడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది, నాగేపల్లిలో ఆయనను ఎన్నడూ చూడని పిల్లలు ఆయన కళ్ల మీద నవ్వుకుంటున్నారు. కోడలిని పిలిచి నీళ్లు అడిగి తాగాను. "ఆయన కండ్లు మంచిగనే ఉండె బిడ్డా," అన్నాను. "తీగను రేకుతోని కోసింది నేను. ఎవలకు చెప్పలే."

ఆమె నవ్వు ఆపింది. పత్రికల సంచి తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "అమ్మ ఉన్నప్పుడు ఒక్కమాట చెప్తె అయిపోయేది గద మామా," అంది చివరికి. "మొక్కు తెగలేదన్న మీ తాత మాట అమ్మ పైకి నమ్మింది గని, లోపల నమ్మలే. నాకు దగ్గొచ్చినా, ఒళ్లు కాలినా, ఆ దినం తీగ తెగింది తెగింది అనుకుంట గుడికి ఉరికేది. నాకు పిల్లలు పుట్టినంక గూడ."

మాట మెత్తగానే అంది. పత్రిక నా చేతిలో పెట్టి, పెళ్లికి తప్పక రావాలని మనవడికి కూడా చెప్పి బస్సుకు వెళ్లింది.

దెబ్బలకు భయపడి నోరు మూసుకున్నాననీ, దాని భారమంతా తాతయ్య మోశాడనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన మోయగలిగింది మోశాడు. మిగిలింది ఆ తల్లి మోసింది, తన బిడ్డ దగ్గిన ప్రతిసారీ. అది ఒక పిల్లవాడు చేసిన చిల్లర పని, దేవుడి అలక కాదని తెలిస్తే ఆమె ఆనాడే కడుపునిండా తిని పడుకునేది.

తీగ తెగిన ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది తాతయ్య గొంతు. తనది కాని తప్పును ఎండ గురించి చెప్పినంత తేలికగా నాదే అన్నాడు. నాది నాదే అనడానికి నాకు ఇంత వయసు, ఒక చెంబెడు నీళ్లు కావలసి వచ్చాయి. ఈ మధ్య చిన్నచిన్న వాటితో అలవాటు చేసుకుంటున్నాను. పాలు పొంగిపోతే, కోళ్ల గూడుకు గొళ్లెం పెట్టడం మరిచిపోతే, ఎవరూ అడగకముందే నాదే తప్పు అంటున్నాను. ఈ ముసలాయనకు ఏమయిందని కోడలు వింతగా చూస్తోంది. మాట బయటికి వస్తోంది గానీ, ఆయనంత తేలికగా ఇంకా రావడం లేదు.